చాళ్ల నాలుక

నాలుక పైభాగాన, నడిమి గీత పొడవునా గానీ దానికి రెండు పక్కలా గానీ చాళ్లు పడి ఉండే స్థితిని దంతవైద్యులు ఫిషర్డ్ టంగ్ అంటారు. చాళ్ల లోతు మామూలుగా 2 నుంచి 6 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. కొందరిలో నడిమి గీతే కాస్త లోతై అంతటితో ఆగిపోతుంది. కొందరిలో దాని నుంచి రావి ఆకు ఈనెల్లా పక్కలకు పాయలు చీలుతాయి. ఇంకొందరి నాలుక అక్రోటు గింజలా ఎటు చూసినా ముడతలే. చాలామందిలో నొప్పి ఉండదు, రుచి తగ్గదు, మాట తడబడదు. పళ్లు చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరు చెబితేనో, పొద్దున అద్దం ముందు నాలుక గీసుకుంటూ ఒక్క క్షణం ఎక్కువ చూసుకుంటేనో తప్ప తనకిది ఉందని మనిషికి తెలియదు. తెలిసిన మరుక్షణం బెంగ మొదలవుతుంది: వేడి చేసిందా, విటమిన్లు తగ్గాయా, కాన్సరా? నిజానికి ఈ చాళ్లు జబ్బు కావు. వాటి మీద మోపే నేరాల్లో చాలావరకు వాటిలో చేరే పాచివి, లేదా వాటి పక్కన కనిపించే వేరే స్థితులవి. అయితే ఆ తీర్పు అన్ని చాళ్లకూ ఒకేలా వర్తించదు. అవి ఎప్పటి చాళ్లన్నది ముందు తేలాలి.

బెంగలో సగం పేరు తెచ్చిపెట్టినదే. తెలుగులో "నాలుక పగిలింది" అంటాం. పగులు అనగానే మడమల పగుళ్లు, చలికాలపు పెదవులు గుర్తొస్తాయి. అక్కడ తోలు తెగి, లోపలి మాంసం బయటపడి, నెత్తురు చిమ్ముతుంది. నాలుక చాలులో తెగినదేమీ లేదు. చాలును విప్పి చూస్తే అడుగున కూడా పైనున్నలాంటి పొరే, ఎక్కడా తెగకుండా గులాబిరంగులో కనిపిస్తుంది. అది నాగలి తీసిన చాలు లాంటిది, ఎండకు నెర్రెలిచ్చిన చేను లాంటిది కాదు. లాటిన్‌లో దీనికున్న లింగ్వా ప్లికేటా అన్న పేరుకు మడతల నాలుక అని అర్థం; సంగతిని సరిగ్గా పట్టుకున్న పేరు అదే. ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలు వృషణాల తిత్తి మీది ముడతలతో పోల్చి ఇంకో పేరు పెట్టాయి. పోలిక కుదిరిందే గానీ రోగి ముఖం మీద అనదగ్గ మాట కాదు గనక అది వాడుకలో వెనకబడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి జబ్బుల వర్గీకరణ పదో కూర్పు దీన్ని కె14.5 అన్న సంఖ్య కింద మడతల నాలుకగానే నమోదు చేసింది. పుట్టుకతో వచ్చినదాన్ని మాత్రం అక్కడి నుంచి తీసి, జన్మతః వచ్చే వైకల్యాల అధ్యాయంలో క్యూ38.3 కింద పెట్టింది. జబ్బుల జాబితాలో సంఖ్య ఉన్నప్పుడు జబ్బు కాదంటారేమని ఎవరైనా అడగవచ్చు. ఆ జాబితాలో మామూలు కాన్పుకూ సంఖ్య ఉంది. సంఖ్య లెక్క రాసుకోవడానికి, నేరం మోపడానికి కాదు. కాకపోతే పుట్టు చాళ్లను, తరవాత వచ్చిన చాళ్లను విడదీయడంలో ఆ జాబితా చూపిన జాగ్రత్త మనకు ముందు ముందు పనికొస్తుంది.

నాలుక పైపొర నున్నటిది కాదు. దాని మీద నాలుగు రకాల బుడిపెలు ఉంటాయి. వాటిలో లెక్కకు అన్నిటికన్నా ఎక్కువైనవి దారపు కొసల్లాంటి సన్న బుడిపెలు. నాలుకకు ముఖమల్ గుడ్డలాంటి గరుకుదనం వీటివల్లే. వీటిలో రుచి మొగ్గలు ఉండవు. రుచి మొగ్గలున్నవి మిగతా మూడు రకాలు: పుట్టగొడుగు ఆకారంలో అక్కడక్కడా ఎర్రగా కనిపించేవి, నాలుక పక్కల మడతల్లో ఉండేవి, వెనక భాగాన ఇంగ్లీషు వి అక్షరం ఆకారంలో బారులు తీరిన 8 నుంచి 12 పెద్ద బుడిపెలు. చాళ్ల నాలుకవాళ్లకు ఉప్పూ పులుపూ మామూలుగానే తెలియడానికి కారణం రుచి ఆ సన్న బుడిపెల మీద ఆధారపడకపోవడమే. మైక్రోస్కోపు కింద మాత్రం కథ కొంచెం మారుతుంది. చాలు అంచున సన్న బుడిపెలు అరిగి ఉండడం, పైపొర వేళ్లు లోపలికి పొడుగ్గా దిగడం, దాని కింది కణజాలం మందమెక్కడం, పైపొరలో అక్కడక్కడా తెల్లకణాలు గుంపులుగా చేరడం కనిపిస్తాయి. తెల్లకణాలు చేరాయంటే వాపే కదా, వాపు ఉంటే జబ్బే కదా అన్న వాదానికి ఇక్కడ బలం ఉంది. కాని రెండు సంగతులు దాన్ని సడలిస్తాయి. 1980ల్లో ఫిన్లండులో చాళ్ల నాలుకల కణజాలాన్నీ, అవి ఉన్న కుటుంబాలనూ పరిశీలించిన ఆర్యా కుల్లా-మిక్కోనెన్ పని చూస్తే, బుడిపెల తీరు అందరిలో ఒకటి కాదు. చాళ్లున్నా బుడిపెలు చక్కగా ఉన్న నాలుకలు వేరు, బుడిపెలే మారిపోయిన నాలుకలు వేరు. రెండోది, తెల్లకణాలు కనిపించినంత మాత్రాన జబ్బని చెప్పలేం. ఆరోగ్యంగా ఉన్న చిగురు అంచున, పంటికీ చిగురుకూ మధ్య సందులో కూడా అవి కాపలా కాస్తూనే ఉంటాయి. మెతుకులు, సూక్ష్మజీవులు చేరే ఏ మూలకైనా వాటి రాకపోకలు తప్పవు.

ఎంతమందికి ఉంటుందన్న ప్రశ్నకు పరిశోధనల్లో దొరికే జవాబులు ఒక శాతం లోపు నుంచి 20 శాతం పైదాకా పరుచుకుని ఉన్నాయి. ఈ తేడాలో మనుషుల వాటా కన్నా కొలబద్దల వాటా ఎక్కువ. నడిమి గీత కాస్త లోతుగా ఉన్నంత మాత్రాన లెక్కలోకి తీసుకోవాలా? ఎంత లోతైతే చాలు, ఎన్ని ఉంటే చాళ్లు? ఒక్కొక్కరు ఒక్కో గీటు గీశారు. దంత కళాశాల ఓపీలో కూర్చుని లెక్కపెట్టినవాళ్లకు పంటి బాధతో వచ్చినవాళ్లే దొరుకుతారు. బడి పిల్లల్ని చూసినవాళ్ల లెక్క తగ్గుతుంది, ముసలివాళ్లను చూసినవాళ్ల లెక్క పెరుగుతుంది. ఎవరు లెక్కపెట్టినా ఒప్పుకునేవి రెండే సంగతులు: ఇది కుటుంబాల్లో తరాల వెంట నడుస్తుంది, వయసుతో పాటు స్పష్టమవుతుంది. వయసుతో పెరుగుతుంది గనక ఇది అరుగుదల జబ్బు అనేవాళ్లున్నారు. తల నెరవడం కూడా వయసుతోనే వస్తుంది, తండ్రికి తొందరగా నెరిస్తే కొడుకుకూ తొందరగానే నెరుస్తుంది. దాన్ని జబ్బు అనం. చక్కెర జబ్బు, రక్తపోటు ఉన్నవాళ్లలో చాళ్లు ఎక్కువగా కనిపించాయని చెప్పే పత్రాలను కూడా ఈ దృష్టితోనే చదవాలి. ఆ రెండూ, చాళ్లూ ఒకే వయసులో కలిసి పెరిగేవే. ఒక్క రోజున అందరినీ వరసగా నిలబెట్టి చూసిన లెక్కలో ఏది దేన్ని తెచ్చిందో తేలదు.

నోటి ఆరోగ్యానికి వస్తే, చాళ్ల మీద మోపే మొదటి నేరం దుర్వాసన. ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే సాక్ష్యం దండిగా ఉన్నది ఇక్కడే. నోరు వాసన వస్తే కడుపులో ఏదో తేడా ఉందనుకోవడం మనకు అలవాటు. బెల్జియంలోని లూవెన్‌లో నోటి వాసన క్లినిక్కుకు వచ్చిన 2000 మంది వివరాలు 2009లో ప్రచురించారు. వాళ్లలో 76 శాతం మందికి కారణం నోట్లోనే ఉంది. 43 శాతం మందిలో అది నాలుక పాచి, 11 శాతంలో చిగుళ్ల జబ్బు, 18 శాతంలో ఆ రెండూ కలిసి. 16 శాతం మందికి అసలు వాసనే లేదు, ఉందన్న భయమే ఉంది. ఈ చివరి సంఖ్య చాళ్ల నాలుకను అద్దంలో చూసుకుని దిగులు పడేవాళ్లు గుర్తుంచుకోవలసినది. పాచి అంటే రాలిన పైపొర కణాలు, మెతుకుల నలుసులు, తెల్లకణాలు, సూక్ష్మజీవులు కలిసిన ముద్ద. దాని అడుగున గాలి ఆడదు. గాలి అక్కరలేని సూక్ష్మజీవులు అక్కడ మాంసకృత్తులను విరగ్గొట్టి, గంధకం ఉన్న అమైనో ఆమ్లాల నుంచి హైడ్రోజన్ సల్ఫైడు, మిథైల్ మెర్కాప్టాన్ అనే వాయువులు విడుస్తాయి. మొదటిది కుళ్లిన కోడిగుడ్డు వాసన, రెండోది కుళ్లిన క్యాబేజీ వాసన. ఈ వాయువుల్ని నోట్లో వేరుచేసి కొలిచే పద్ధతికి పునాది వేసినవాడు కెనడా శాస్త్రవేత్త జోసెఫ్ టొంజెటిచ్. యంత్రం లేకుండా తెలుసుకోవాలంటే ఒక చెంచా చాలు. దాన్ని బోర్లించి నాలుక వెనక నుంచి ముందుకు ఒకసారి గీసి, అంటిన పసుపుపచ్చటి జిగురును కొద్ది క్షణాలు ఆగి వాసన చూస్తే సరి.

ఇంకేం, చాలు లోతుగా ఉంటే గాలి ఆడదు, గాలి ఆడకపోతే ఆ జీవులు పెరుగుతాయి, కాబట్టి నేరం చాలుదే కదా అని అభ్యంతరం. తర్కం వరకు సబబే. చాళ్లున్నవాళ్లలో పాచి ఎక్కువగా నిలవగలదు, దుర్వాసన అవకాశమూ పెరగగలదు. కాని గమనించవలసిన తేడా ఒకటుంది. వాసనకు పెద్ద గని నాలుక వెనక భాగం. చాళ్లు లేని నాలుకల్లోనూ అంతే. చాళ్లు ఎక్కువగా కనిపించేది ముందరి మూడింట రెండు వంతుల్లో. పాచి తీసేస్తే వాసన తగ్గుతుంది, చాళ్లు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. కారణాన్ని తీసేస్తే ఫలితం పోవాలన్న మామూలు పరీక్షలో పాచి నెగ్గింది, చాలు ఓడింది. చాలును పాచికి చోటిచ్చిన ఇంటి యజమాని అనవచ్చు, దొంగ అనలేం.

పళ్లకూ చిగుళ్లకూ చేసే హాని విషయంలో సాక్ష్యం ఇంకా పలచన. నాలుక సూక్ష్మజీవుల గిడ్డంగి, అక్కడి నుంచి అవి ఉమ్ములో కలిసి చిగుళ్ల సందుల్లోకి పాకుతాయి, చాళ్లుంటే గిడ్డంగి ఇంకా పెద్దది అన్నది వాదం. దీన్ని పరీక్షించే అవకాశం అనుకోకుండా దొరికింది. 1990ల్లో లూవెన్ వాళ్లే ఒక పద్ధతి ప్రవేశపెట్టారు. చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లకు గార తీయడాన్ని వారాల తరబడి ముక్కలుగా కాకుండా 24 గంటల్లో పూర్తిచేసి, నాలుకను ఒక శాతం క్లోర్‌హెక్సిడిన్ జెల్‌తో రుద్ది, నోరంతా ఒకేసారి శుభ్రం చేయడం. శుభ్రం చేసిన సందుల్లోకి నాలుక మీది జీవులు తిరిగి చేరకుండా ఆపడమే దాని ఉద్దేశం. నాలుక గిడ్డంగి అంత ప్రమాదకరమైతే ఈ పద్ధతి పాత పద్ధతిని చిత్తుగా ఓడించాలి. తరవాత జరిగిన పరీక్షల్ని కలిపి తూచిన కాక్రేన్ సమీక్షలు రెంటి మధ్య చెప్పుకోదగ్గ తేడా స్పష్టంగా లేదని తేల్చాయి. నాలుకను శుభ్రం చేయడం మానేయమని దీనర్థం కాదు. చిగుళ్లు కదిలిపోతున్నప్పుడు నాలుక చాళ్ల వైపు చూపడం అసలు దోషిని, అంటే పంటి మీది పాచినీ గారనూ పొగాకునూ, వదిలేయడం అవుతుంది. డౌన్ సిండ్రోమ్ పిల్లల్ని ఉదాహరణగా చూపేవాళ్లు ఉన్నారు. వాళ్లలో చాళ్ల నాలుక చాలా ఎక్కువ, చిన్న వయసులోనే చిగుళ్ల జబ్బూ ఎక్కువ. కాని ఆ చిగుళ్ల జబ్బుకు కారణాలు వాళ్ల రోగనిరోధక వ్యవస్థలోని లోపంలో ఉన్నాయి. నోటితో గాలి పీల్చే అలవాటు నోటిని ఎండబెట్టి ఇంకొంచెం చెరుపు చేస్తుంది. పైగా వాళ్లలో పిప్పిపళ్లు చాలాసార్లు తక్కువగానే కనిపిస్తాయి. చాళ్లే కారణమైతే ఒక జబ్బు ఎక్కువ, ఇంకొకటి తక్కువ ఎందుకవుతాయి?

మంట సంగతి వేరు, కొంచెం జాగ్రత్తగా విడదీయాలి. కొత్త ఆవకాయ కలుపుకున్నప్పుడు, గోంగూరలో పచ్చిమిర్చి ఎక్కువైనప్పుడు నాలుక చురుక్కుమంటోందని చాళ్లున్నవాళ్లు కొందరు చెబుతారు. మిరపలోని కాప్సైసిన్ వేడిని గుర్తించే నాడుల్నే తట్టి లేపుతుంది గనక మంట అందరికీ పుడుతుంది. పైపొర పలచబడిన చోట ఇంకాస్త పుడుతుంది. చాళ్ల నాలుకలో పైపొర పలచబడిందంటే చాలాసార్లు దానికి కారణం పటాల నాలుక అనే ఇంకో స్థితి. నాలుక మీద ఎర్రటి మచ్చలు, వాటి చుట్టూ తెల్లటి గట్టు, దేశపటంలో సరిహద్దుల్లా. రెండు రోజులకు మచ్చ ఒకచోట మాని ఇంకోచోట లేస్తుంది. మచ్చ ఉన్న చోట సన్న బుడిపెలు రాలిపోతాయి గనక కారం తగిలితే మంట. చాళ్లూ పటాలూ ఒకే నాలుక మీద కనిపించడం ఎంత తరచంటే, రెంటికీ ఒకే వంశపారంపర్య మూలం ఉందనీ, పటాల నాలుకే ఏళ్లు గడిచాక చాళ్ల నాలుకగా మారుతుందేమోననీ కొందరు పరిశోధకులు వాదించారు. సోరియాసిస్ ఉన్నవాళ్లలో ఈ రెండూ ఎక్కువగా కనిపిస్తాయి. సోరియాసిస్‌తో ముడిపడిన హెచ్‌ఎల్‌ఏ-సీడబ్ల్యూ6 అన్న జన్యు గుర్తు పటాల నాలుకవాళ్లలోనూ ఎక్కువే. అంతమాత్రాన నాలుక చూసి సోరియాసిస్ వస్తుందని జోస్యం చెప్పడం తగదు. ఒంటి మీద ఒక్క మచ్చ అయినా లేని చాళ్ల నాలుకలే ఎక్కువ. ఇక చాలు అడుగున క్యాండిడా అనే శిలీంధ్రం చేరితే మంట నిజంగానే నిలబడుతుంది. చక్కెర జబ్బు అదుపులో లేనివాళ్లు, ఉబ్బసానికి స్టెరాయిడ్ ఇన్‌హేలరు పీల్చి నోరు పుక్కిలించనివాళ్లు, రాత్రిళ్లు కట్టుడు పళ్లు తీయనివాళ్లు దానికి సులువుగా దొరుకుతారు. అప్పుడు మందు శిలీంధ్రానికి వేయాలి, అది పోతే మంటా పోతుంది. నాలుక చూడ్డానికి బాగానే ఉండి రోజంతా మండుతుంటే, ముఖ్యంగా ముట్లుడిగిన ఆడవాళ్లలో, అది నాడులకు సంబంధించిన వేరే సమస్య కావచ్చు. వాళ్ల నాలుకకు చాళ్లు కూడా ఉంటే నేరం పాపం వాటి నెత్తిన పడుతుంది.

నాలుకకు ఏమైనా బి-కాంప్లెక్స్ మాత్ర అడిగి తెచ్చుకోవడం మన మందుల షాపుల్లో రోజూ జరిగే పని. దీని వెనక ఒక నిజం ఉంది. బి విటమిన్లు, ఇనుము తగ్గితే నాలుక నిజంగానే మారుతుంది. కాని అది మారే తీరు దాదాపు తలకిందులు: బుడిపెలు రాలి, నాలుక ఎర్రగానో పాలిపోయో, నున్నగా బోడిగా అవుతుంది. శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావును పడేసిన స్ప్రూ జబ్బులో నాలుక పూసి నిప్పులా మండడం ఒక ముఖ్య లక్షణం. ఆయన అన్నదమ్ములిద్దరు దానికే బలయ్యారు. ఆయన ఆధ్వర్యంలోనే 1945లో లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లం కృత్రిమంగా తయారై, అలాంటి నాలుకలకు మందు దొరికింది. నున్నబడిన నాలుకకు ఆ మాత్ర అమృతం. పుట్టు చాళ్లకు అది పని చేయదు, చేయవలసిన పనీ లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది గనక, చాళ్లూ రక్తహీనతా ఒకే మనిషిలో కలవడం వింత కాదు. రక్తం తక్కువైతే ఇనుము ఇవ్వాలి. చాళ్లు పూడలేదని మందు మానకూడదు, పూడతాయని ఆశా పెట్టకూడదు.

ఇంతవరకు చాళ్ల తరఫున వాదించాం. వాటి తరఫున నిలబడలేని చోటు ఒకటుంది: పుట్టు చాళ్లు కాక, కొత్తగా పడ్డ చాళ్లు. నోరు ఎండిపోయే జోగ్రెన్ జబ్బులో నాలుక మొసలి తోలులా గళ్లు పడుతుంది. అలర్జీకి, దిగులుకు, రక్తపోటుకు వాడే కొన్ని మందులు ఉమ్మును తగ్గించి నాలుకను ఎండగడతాయి. ఉమ్ము తగ్గిన నోట్లో పళ్లు పిప్పి కావడం నెలల్లోనే మొదలవుతుంది; అక్కడ ప్రమాదకరమైనది ఉమ్ము కరువే, చాళ్లు దాని జాడ. ముదిరిన సిఫిలిస్‌లో నాలుక గట్టిపడి గడ్డలు గడ్డలుగా చీలడం పాత వైద్యులు బాగా ఎరిగినది. మెత్తగా ఉండే పుట్టు చాళ్లకూ, చెక్కలా గట్టిపడిన ఆ నాలుకకూ వేలు పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఇక మెల్కర్సన్-రోజెంతాల్ సిండ్రోమ్. ఇది అరుదు, కాని ప్రతి పరీక్షా పత్రంలోనూ ఉంటుంది గనక దంతవైద్య విద్యార్థులకు కంఠతా. స్వీడన్ వైద్యుడు మెల్కర్సన్ 1928లో ముఖ పక్షవాతమూ పెదవి వాపూ కలిసి రావడం గమనించాడు. జర్మనీలో రోజెంతాల్ 1931లో వాటికి చాళ్ల నాలుకను జతచేశాడు. మూడూ ఒకే మనిషిలో నిండుగా కనిపించేది కొద్దిమందిలోనే. చాళ్లు మాత్రమే ఉన్న మనిషికి ఆ పేరు చెప్పి భయపెట్టడం దారుణం. పెదవి మాటిమాటికీ వాచి, ముఖం ఒక పక్కకు లాగిన మనిషి నాలుక చూడకపోవడం నిర్లక్ష్యం. ఆయుర్వేదంలో యోగరత్నాకరం వాత నాలుకను గరుకుగా, పగిలినట్టు ఉంటుందని వర్ణించింది. ఎండిన నాలుకను బట్టి ఒంటి స్థితిని పోల్చుకోవడం తెలివైన చూపే. ఆ వర్ణనను పుట్టు చాళ్లకు తగిలించి ఏళ్ల తరబడి చూర్ణాలు మింగించడం మాత్రం ఆ చూపును చెడగొట్టడమే. ఏ పద్ధతి వైద్యుడైనా ముందు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఎప్పటి నుంచి?

కాన్సరు భయానికి జవాబు పొట్టిగానే చెప్పవచ్చు. చాళ్ల నాలుక కాన్సరుకు ముందు మెట్టు కాదు. నాలుక కాన్సరు ఎక్కువగా పక్క అంచున, అడుగున పుడుతుంది. చాళ్లుండే పైభాగాన పుట్టడం అరుదు. తెలుగు నేల మీద నోటి కాన్సరుకు వెతకవలసిన కారణాలు వేరే ఉన్నాయి: గుట్కా, ఖైనీ, చుట్ట. ఉత్తరాంధ్రలో చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు మీద పిండ్‌బోర్గ్, మెహతా బృందం 10,169 మంది గ్రామస్థుల్ని పరీక్షించి 1971లో రాసిన పత్రం నోటి వైద్యంలో ఇప్పటికీ ఉదహరించే పని. అక్కడ గాయమైంది అంగిలి. మూడు వారాలు దాటినా మానని పుండు, గట్టిగా తగిలే అంచు, గీసినా పోని తెల్ల మచ్చ నోట్లో ఎక్కడ ఉన్నా చూపించుకోవాలి. చాళ్లున్నా లేకున్నా ఆ లెక్క ఒకటే.

మిగిలింది శుభ్రం. మన ఊళ్లలో పొద్దున్నే పెరట్లో వినిపించే నాలుక గీసుకునే చప్పుడుకు చాలా పాత చరిత్ర ఉంది. నాలుక మొదట్లో చేరే మలినమే నోటి దుర్వాసనకు కారణమని చరక సంహిత సూత్రస్థానం అయిదో అధ్యాయం చెప్పింది. గీసే పనిముట్టు బంగారం, వెండి, రాగి, తగరం, ఇత్తడి వీటిలో దేనితోనైనా చేయవచ్చట. అయితే పదునుగా ఉండకూడదు, వంపు తిరిగి ఉండాలి. పందుంపుల్లను నిలువునా చీల్చి వంచినా, కొబ్బరి ఈనెను విల్లులా పట్టుకున్నా పని అదే. కాకపోతే చాళ్ల నాలుకకు బద్ద ఒక్కటే సరిపోదు. బద్ద గట్ల మీద నుంచి గట్ల మీదికి జారిపోతుంది, చాలు అడుగును తాకదు. అందుకే ముందు బద్దతో వెనక నుంచి ముందుకు తేలికగా గీసి, తరవాత మెత్తటి బ్రష్షును చాలు నడిచే దిశలోనే నడపాలి. నాలుకను బాగా బయటికి చాపితే చాళ్లు విచ్చుకుంటాయి, బ్రష్షు లోపలికి దిగుతుంది. అన్నం తిన్నాక మంచినీళ్లు పోసుకుని గట్టిగా పుక్కిలిస్తే చాలులో ఇరుక్కున్న మెతుకులు వచ్చేస్తాయి. నెత్తురు వచ్చేదాకా గీయడం శుభ్రం కాదు, కొత్త గాయం. 2006 నాటి కాక్రేన్ సమీక్షకు దొరికినవి 40 మంది పాల్గొన్న రెండే పరీక్షలు. వాటిలో బద్ద బ్రష్షు కన్నా కాస్త మెరుగ్గా గంధక వాయువుల్ని తగ్గించింది, అదీ కొద్దిసేపే. అంత తక్కువ సాక్ష్యం మీద ఖరీదైన పనిముట్లు అమ్మేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది, ఈనె ఉచితం.

ఇంత శ్రమ ఎందుకు, రోజూ గాఢమైన మౌత్‌వాష్ పోసి చాళ్లలోని జీవులన్నిటినీ చంపేస్తే పోదా అని అడిగేవాళ్లకు నాలుక మీద ఉన్నవాళ్లంతా శత్రువులు కారని చెప్పాలి. పాలకూరలో, బీట్‌రూట్‌లో ఉండే నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చేది నాలుక మీది సూక్ష్మజీవులే. దాని నుంచి ఒంట్లో తయారయ్యే నైట్రిక్ ఆక్సైడు రక్తనాళాలను సడలిస్తుంది. 2013లో ప్రచురితమైన ఒక పరీక్షలో ఆరోగ్యంగా ఉన్న 19 మంది వారం రోజులు రోజుకు రెండుసార్లు క్లోర్‌హెక్సిడిన్‌తో పుక్కిలించారు. వాళ్ల రక్తపోటు 2 నుంచి 3.5 పాయింట్ల దాకా పెరిగింది. పెరిగినది చిన్నదే, పరీక్షా చిన్నదే. చిగుళ్ల జబ్బుకు డాక్టరు రెండు వారాలకు రాసిచ్చిన క్లోర్‌హెక్సిడిన్ వాడవలసిందే, చాళ్లున్నాయన్న ఒక్క కారణానికి దాన్ని ఏళ్ల తరబడి వాడడం దండగ. పైగా అది నాలుకనూ పళ్లనూ గోధుమరంగుకు తిప్పి, చాళ్లను ఇదివరకటి కన్నా బాగా కనిపించేట్టు చేస్తుంది.

దంతవైద్యుడు చేయవలసిన పరీక్షకు పరికరాలు పెద్దగా అక్కరలేదు. నాలుక కొసను గాజుగుడ్డతో పట్టుకుని మెల్లగా బయటికి లాగి, వేళ్లతో చాళ్లను విప్పి అడుగు చూడాలి. గులాబిరంగులో తడిగా ఉంటే సరి. గీస్తే ఊడే తెల్ల పూత ఉంటే శిలీంధ్రం కోసం, ఎరుపు ఉంటే పటాల కోసం వెతకాలి. ఎండి గరుకుగా ఉంటే వాడుతున్న మందుల జాబితా అడగాలి. గట్టిపడి ఉంటే తేలికగా తీసుకోకూడదు. ఆపైన సెల్‌ఫోన్‌తో ఒక ఫోటో తీసి, తేదీ వేసి కేస్‌షీటుకు జతచేస్తే, పదేళ్ల తరవాత ఇంకో డాక్టరు "ఈ చాళ్లు ఎప్పటివి?" అని అడిగినప్పుడు ఆ మనిషి జ్ఞాపకం మీద ఆధారపడనక్కర లేదు.